ఉద్దానం రోగి, దవడ కీలు నొప్పి, లేజర్ కాంతి: ఒక కేసు పూర్తి వివరాలు

ఉద్దానం నుంచి వచ్చిన మనిషికి నొప్పి బిళ్ల రాసేముందు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ ఎంతో అడగాలి. శ్రీకాకుళంలో ప్రాక్టీసు పెట్టిన ఏ డాక్టరుకైనా ముందుగా అలవాటయ్యే జాగ్రత్త ఇది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బీపీ, షుగరు లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఎన్నో పరీక్షలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. ఈ కేసులో దవడ కీలుకు లేజర్ కాంతి వాడాలన్న ఆలోచన నాకు ఆ కిడ్నీల వల్లే వచ్చింది. కాంతి వైద్యం మీద నాకున్న అభిప్రాయం అప్పటికీ ఇప్పటికీ సందేహాలతో కూడినదే. అందుకే కొలతలు కొంచెం గట్టిగా తీశాను, ఇక్కడ వాటిని ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

నేను పళ్ల డాక్టరును. దవడ, ముఖం నొప్పుల కేసులు ఎక్కువగా చూస్తాను. రోగి అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగి

వయసు 48. పలాస దగ్గరి పల్లె. జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీద పొట్టు తీసే పని, కిలో లెక్కన కూలి. కుడి చెవికి ముందు భాగంలో 14 నెలలుగా నొప్పి. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉంటుంది. మధ్యాహ్నానికి కణత పోటు. రాత్రికి చెవిలో నీళ్లు పోసినట్టు నిండుగా ఉంటుంది. నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు. "ముద్ద పెద్దది పెట్టలేకపోతన్నానమ్మా, చోడి అంబలి తాగి పన్లోకి ఎల్లిపోతన్నాను" అంది.

అప్పటికే ఆమె తిరగాల్సిన చోట్లన్నీ తిరిగింది. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. అది సరైన మాటే. ఒక చోట కుడివైపు పై దవడ పన్ను పీకారు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. దవడ కీలు నొప్పి చరిత్రల్లో ఈ పీకేసిన పన్ను తరచూ కనిపిస్తుంది. చెంపలో ఉండే నమిలే కండరం, దాని పేరు మాసెటర్, నొప్పి పుట్టినప్పుడు దాన్ని వెనక పళ్ల మీదికి నెడుతుంది. రోగి నిజాయితీగానే పన్ను చూపిస్తుంది. ఆ పన్నుకు మత్తు సూది ఇచ్చి, నొప్పి పోయిందా లేదా చూస్తే చాలావరకు తేలిపోతుంది. మత్తు ఎక్కినా నొప్పి అలాగే ఉంటే నేరం పన్నుది కాదు.

ఆ తరువాత ఊళ్లో సూదులు, మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్లలు. ఏడాది దాకా వాడింది. ఒక మెడికల్ క్యాంపులో రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.4 వచ్చింది. ఆమె వయసుకు లెక్కేస్తే కిడ్నీల వడపోత నిమిషానికి 46 మిల్లీలీటర్ల దగ్గర, అంటే కిడ్నీ జబ్బు మూడో దశలో ఉన్నట్టు. కిడ్నీ డాక్టరు నొప్పి బిళ్లలన్నీ ఆపమన్నారు. ఆమె వెంటనే ఆపేసింది, ఎందుకంటే ఆ మాట విలువ ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. భర్త అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్ మీద ఉన్నాడు. ఈ సంగతి మొదటి రోజు నాకు చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు, మధ్యలో ఒక రోజు రమ్మంటే "సోమవారం, గురువారం కుదరదమ్మా" అన్న మాటతో బయటపడింది.

పరీక్ష

నొప్పి పదికి ఎంత అని అడిగితే మా వైపు చాలామంది తికమకపడతారు. నేను రూపాయిలో ఎంత అని అడుగుతాను. "ముప్పావలా" అంది. కాగితం మీద ఏడున్నర అని రాసుకున్నాను. తరువాత రోజువారీ లెక్కకు మాత్రం తొమ్మిదో తరగతి చదివే కూతురు సాయపడింది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో ఏ తేదీ గడిలో ఆ రోజు నొప్పి అంకె రాయమన్నాను. ఖరీదైన నొప్పి డైరీ కన్నా ఇది నయం. తిథులు, పండగలు, జీతం రోజు, ఆస్పత్రి రోజు అన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి కాబట్టి నొప్పి దేనితో పాటు పెరుగుతోందో ఎదురుగా కనిపిస్తుంది.

నోరు ఎంత తెరుచుకుంటుందో మూడు రకాలుగా కొలవాలి. నొప్పి లేకుండా తెరవగలిగింది 24 మిల్లీమీటర్లు. నొప్పి ఓర్చుకుని తానే తెరిచింది 33. నా వేళ్లతో మెల్లగా సాయం చేస్తే 38. మామూలుగా పెద్దవాళ్లకు 40 దాటాలి. మొదటి అంకెకు, మూడో అంకెకు మధ్య ఇంత తేడా ఉందంటే కీలు లోపల అడ్డం పడినది ఏమీ లేదు, నొప్పి, కండరం బిగువు కలిసి తలుపు పట్టుకున్నాయని అర్థం. కీలు ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ అడ్డం పడి ఉంటే నేను సాయం చేసినా పెద్దగా కదలదు.

వేలితో నొక్కి చూడటానికి ఒక పద్ధతి ఉంది. 2014లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాల ప్రకారం నమిలే కండరాన్ని, కణత కండరాన్ని కిలో ఒత్తిడితో, కీలు బయటి అంచును అరకిలో ఒత్తిడితో నొక్కాలి. కిలో ఒత్తిడి ఎంతో వేలికి తెలియాలంటే వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ నొక్కి అలవాటు చేసుకోవాలి. నొక్కినప్పుడు నొప్పి పుడితే చాలదు, "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడగాలి. గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పి పెడుతుంది. ఆమెకు కుడి మాసెటర్ మీద, కణత మీద, కీలు అంచున మూడు చోట్లా "ఇదే, ఇదే" అంది. కణత మీద నొక్కితే తలనొప్పి కూడా అదేనంది. నోరు తెరిచేటప్పుడు, మూసేటప్పుడు కూడా కుడి కీలులో క్లిక్ ఉంది. దవడ మొదట కుడికి ఒరిగి, క్లిక్ అయ్యాక మధ్యకు వస్తోంది.

నిర్ధారణ: కుడివైపు నమిలే కండరాల నొప్పి, కుడి కీలు నొప్పి, దాని వల్ల వచ్చే తలనొప్పి, డిస్క్ జారి మళ్లీ చోటుకు వచ్చే రకం క్లిక్. ఈ నాలుగింటిలో క్లిక్కుకు వైద్యం అక్కర్లేదు. నొప్పి లేకుండా క్లిక్ మాత్రమే ఉన్నవాళ్లు లోకంలో కోకొల్లలు.

వేరే జబ్బులు కాదని చూసుకోవడం ఇంకో పెద్ద పని. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలితే దవడ అలిసిపోతోందంటే రక్తనాళాల వాపు అనుమానించాలి, ఆలస్యమైతే చూపు పోతుంది. ఈమెకు యాభై దాటకపోయినా ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష ఈఎస్ఆర్ చూశాను, పెద్దగా లేదు. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే దవడ నొప్పి గుండెది కావచ్చు. కరెంటు కొట్టినట్టు క్షణంలో వచ్చిపోయేది నరం నొప్పి. ఈ లక్షణాలేవీ లేవు. గుట్కా, వక్క నమిలేవాళ్లలో బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోని జబ్బు మా జిల్లాలో తక్కువేమీ కాదు. ఈమె బుగ్గలు మెత్తగానే ఉన్నాయి. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో పళ్ల వేళ్ల చుట్టూ ఉండే సన్నని తెల్ల గీతను ప్రత్యేకంగా చూశాను. కిడ్నీ జబ్బు ముదిరి పారాథైరాయిడ్ గ్రంథులు పెట్రేగితే ఆ గీత మాయమవుతుంది. ఉంది. కుడి కాండైల్, అంటే కీలులో కదిలే దవడ ఎముక తల, పైభాగం కొద్దిగా చదును అయింది, అంతే.

అంగిలి దగ్గరే ఆగాల్సి వచ్చింది.

పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని అడ్డపొగ అలవాటైందట. వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఈ పద్ధతి మన ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉంది. నిప్పు అంగిలికి బెత్తెడు దూరంలో కూడా ఉండదు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్షించి రాసిన వ్యాసం ప్రపంచమంతా పళ్ల డాక్టర్లకు ఈ అలవాటు గురించి చెప్పింది. అంగిలి కాన్సర్ మామూలుగా అరుదు, ఈ అలవాటున్న చోట అరుదు కాదు. ఈమె మానేసి ఆరేళ్లయింది. అయినా గట్టి అంగిలి మీద బూడిదరంగు తెల్ల మచ్చ, అందులో ఎర్ర చుక్కలు ఉన్నాయి.

కణాలను ఉత్సాహపరిచే కాంతిని కాన్సర్ అనుమానం ఉన్న ముఖం దగ్గరికి తీసుకెళ్లకూడదు. కీలుకూ అంగిలికీ దూరం ఉంది కదా అని వాదించవచ్చు. నేను వాదించదలచుకోలేదు. బయాప్సీ పంపాను. రిపోర్టు వచ్చేదాకా కాంతి ఊసెత్తలేదు. పై పొర మందమైందని, కణాల్లో చెడు మార్పులు లేవని వచ్చింది.

కాంతి దాకా ఎలా వచ్చాం

మామూలుగా అయితే ఇలాంటి రోగికి పది రోజులు నొప్పి, వాపు తగ్గే బిళ్ల ఇచ్చి, ఆ ఊరటలో దవడ కసరత్తులు మొదలుపెట్టిస్తాం. ఇక్కడ ఆ దారి మూసేసి ఉంది. పైపూత జెల్ కూడా కొంత రక్తంలోకి వెళ్తుంది, నెలల తరబడి రాయమని చెప్పలేను. కండరాలు వదులయ్యే బాక్లోఫెన్ కిడ్నీ సరిగా లేనివాళ్లలో పేరుకుపోయి మనిషిని మత్తులోకి, అయోమయంలోకి నెడుతుంది. నరాల నొప్పికి వాడే గబాపెంటిన్ మోతాదు తగ్గించి ఇవ్వాలి. రాత్రిపూట చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ కిడ్నీ డాక్టరు సరేనంటే ఇవ్వవచ్చు, ఇచ్చి చూశాం. మూడో రోజే "పొద్దున్న పన్లో జోగుతన్నాను" అని ఆపేసింది. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషికి జోగితే కూలి పోతుంది. పారాసిటమాల్ ఆమె ఎప్పటినుంచో వాడుతోంది, పెద్ద గుణం లేదు. రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డు చేయించవచ్చు, కానీ దానికి సరిచూసే రోజులు చాలా కావాలి.

అసలు వైద్యం కసరత్తులు, అలవాట్లు. అవి నేర్పాను. నోరు తెరిచే కసరత్తు మొదటి వారంలోనే వదిలేసింది. నొప్పి లేకుండా 24 మిల్లీమీటర్లు మాత్రమే తెరిచే మనిషి సాగదీసే కసరత్తు చేస్తే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే భయపడి ఇంకా బిగబట్టుకుంటుంది. కాంతి వాడాలనుకున్నది ఈ ముడి విప్పడానికే. నాలుగుసార్లు పెట్టాక నొప్పి లేకుండా తెరుచుకునే కొలత కనీసం నాలుగు మిల్లీమీటర్లు పెరగకపోతే ఆపేస్తానని ఆమెకు ముందే చెప్పాను. పలాసలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, మళ్లీ ఆటోలో టౌనుకు రావాలి. ఒక రోజు కూలి పోతుంది. ఆ నష్టం నా ఫీజు కన్నా పెద్దది. ఆశ చూపించి తిప్పుకోవడం నాకిష్టం లేదు.

ఇక ఈ కాంతి ఏమిటంటే: 1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు బొచ్చు గొరిగిన ఎలుకల మీద బలహీనమైన రూబీ లేజర్ వేసినప్పుడు, వేసిన చోట బొచ్చు తొందరగా మొలవడం గమనించాడు. అక్కడి నుంచి మొదలైన వైద్యం ఇది. ఎర్ర కాంతిని, కంటికి కనిపించని దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పీల్చుకుంటుంది. అక్కడ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ కాంతిని అందుకుంటుందని, కణానికి శక్తి తయారీ పెరుగుతుందని, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తప్రసరణ మారుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నొప్పి మోసే సన్న నరాల వేగం కాసేపు తగ్గుతుందనీ చూపించారు. వేడి దీని పని కాదు.

ఆ చివరి మాట రోగులకు విడమరిచి చెప్పాలి. ఫిజియోథెరపీ సెంటర్లో మోకాళ్లకు పెట్టే ఎర్రటి దీపం వేడి పెడుతుంది, అది వేరు. పన్నులో సిమెంటు గట్టిపడటానికి మేము వాడే నీలం లైటు వేరు. ఆన్‌లైన్‌లో ముఖానికి తొడుక్కునే ఎర్ర లైటు మాస్కులు ఇంకో రకం, వాటి బలం ఎంతో డబ్బా మీద చదివి నమ్మడమే. నా యంత్రం కొన దగ్గర కనిపించే ఎర్ర చుక్క కూడా ఎక్కడ పెట్టామో చూసుకోవడానికే, అసలు కాంతి కనిపించదు. అయినా ఆమె ఊళ్లో "కరెంటు పెట్టించుకుంటంది" అనే ప్రచారమైంది. పక్కింటి ఇద్దరు కీళ్లవాతం ఆడవాళ్లు తమకూ పెట్టమని ఫోను చేయించారు.

మోతాదు

తోటి డాక్టర్ల కోసం ఈ భాగం కాస్త విపులంగా రాస్తాను. మోతాదు రాయని లేజర్ కేసు రిపోర్టు, మందు పేరు రాసి మిల్లీగ్రాములు రాయని చీటీ లాంటిది.

810 నానోమీటర్ల డయోడ్ లేజర్, ఆగకుండా వెలిగే పద్ధతి, 100 మిల్లీవాట్లు. కొన వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. ఒక్కో చోట 40 సెకన్లు, అంటే 4 జౌల్స్, చదరపు సెంటీమీటరుకు 8 జౌల్స్. కీలు చుట్టూ నాలుగు చోట్లు, మాసెటర్ మీద నాలుగు, కణత మీద రెండు. మొత్తం 40 జౌల్స్, ఏడు నిమిషాలకు లోపే. కీలు దగ్గర పెట్టేటప్పుడు నోరు కొద్దిగా తెరిపిస్తే కాండైల్ ముందుకు జరిగి వెనక భాగానికి కూడా కాంతి అందుతుంది. కొనను చర్మానికి నిలువుగా, కాస్త అదిమి ఆనించాలి. గాలిలో పట్టుకుంటే కొంత కాంతి వెనక్కి తిరిగిపోతుంది. లోపలి టెరిగాయిడ్ కండరం దాకా ఇది సరిగా చేరదు, చేరుతుందని నేను నమ్మను. కీలు బయటి అంచు, మాసెటర్ పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడే పెట్టాను.

ఎక్కువ పెడితే ఎక్కువ గుణం అనే లెక్క ఇక్కడ చెల్లదు. తక్కువైతే ఏమీ జరగదు, ఎక్కువైతే మేలు తగ్గిపోతుంది, కొన్నిసార్లు తిరగబడుతుంది. పరిశోధనల్లో ఫలితాలు చెల్లాచెదురుగా ఉండటానికి ఇదొక కారణం. ఒకరు 2 జౌల్స్ పెడితే ఇంకొకరు పది రెట్లు పెట్టి, ఇద్దరూ లేజర్ అనే పేరుతోనే రాస్తారు. నల్లని చర్మంలో మెలనిన్ కొంత కాంతిని పైనే పట్టేస్తుంది. ఎర్ర కాంతి కన్నా 810 దగ్గర ఈ నష్టం తక్కువ. ఎక్కువ వాట్ల యంత్రాలతో నల్లని చర్మం మీద వేడి పుడుతుంది, మన రోగుల మీద పరాయి దేశపు సెట్టింగులు కళ్లు మూసుకుని వాడకూడదు. మగవాళ్లకైతే గడ్డం, కణత దగ్గర జుట్టు కూడా అడ్డే.

యంత్రం చెప్పే 100 మిల్లీవాట్లు నిజంగా వస్తున్నాయా? పవర్ మీటరుతో నెలకోసారి చూస్తాను. పాతబడిన డయోడ్ తెర మీద అదే అంకె చూపిస్తూ లోపల సగమే ఇస్తుంది.

కళ్ల సంగతి ముఖ్యం. ఇది 3బి తరగతి లేజర్, పైగా కనిపించదు. వెలుగు పడితే రెప్ప మూసుకునే రక్షణ పనిచేయదు. ఆ నానోమీటర్లకు సరిపోయే కళ్లజోడు రోగికి, నాకు, గదిలో ఉన్న కూతురికి కూడా. నల్ల కళ్లద్దాలు చాలవు. కాంతికి చర్మం కందిపోయేలా చేసే మందులు ఏవైనా వాడుతోందా అని కూడా అడిగి చూసుకున్నాను, లేదు.

ఏం జరిగింది

వారానికి రెండుసార్లు, ఐదు వారాలు. మంగళ, శని వారాలు పెట్టుకున్నాం, డయాలసిస్ రోజులకు అడ్డం రాకుండా.

మొదలుపెట్టేటప్పటికే నొప్పి సగటు ఆరుకు దిగింది. బయాప్సీ రిపోర్టు కోసం ఆగిన రోజుల్లో వేడి కాపడం, మెత్తని తిండి, పళ్లు బిగబట్టకుండా చూసుకోవడం, రిపోర్టు వచ్చాక ఇది కాన్సర్ కాదు అన్న ధైర్యం, వీటి పని అది. ఈ ఒకటిన్నర అంకె కాంతి ఖాతాలో వేయకూడదు. ఆగకుండా మొదటి రోజే లేజర్ పెట్టి ఉంటే వేసేవాళ్లమే.

రెండోసారి పెట్టిన రాత్రి నొప్పి పెరిగింది. ఇది కొందరిలో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి గాభరా పడలేదు. పోయింది. నాలుగోసారికి నొప్పి లేకుండా తెరిచే కొలత 24 నుంచి 30కి వచ్చింది. మేము పెట్టుకున్న గీత దాటింది. నొప్పి అంకె మాత్రం ఇంకా ఐదు దగ్గరే ఉంది. కొలత ముందు కదిలింది, నొప్పి తరువాత కదిలింది.

ఆ ఆరు మిల్లీమీటర్లు చాలు నాకు. అదే రోజు కసరత్తులు మళ్లీ మొదలుపెట్టాం. 'ల' అన్నప్పుడు నాలుక కొన ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచి, నాలుక విడిపోకుండా నోరు తెరిచి మూయడం. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, ఆ ఒత్తిడికి ఎదురుగా మెల్లగా తెరవడం. ఎదురుగా అద్దం పెట్టుకుని దవడ పక్కకు ఒరగకుండా తెరవడం. ఒక్కోటి ఆరుసార్లు, రోజుకు ఆరుసార్లు. పనిలో గంటకోసారి లేచి మెడ నిటారు చేసి, గడ్డం లోపలికి లాగడం. తల వంచి గంటలు గంటలు పొట్టు తీసే మనిషికి మెడ కండరాలు, దవడ కండరాలు కలిసే బిగుస్తాయి. పెదవులు కలిపి, పళ్లు విడిగా ఉంచమన్నాను. తినేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తగలకూడదని చెబితే ఆమె నమ్మలేదు. "మరి పళ్లెందుకమ్మా?" అంది. ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది, అడగరు. మామూలు మనిషి పళ్లు రోజు మొత్తంలో తగులుకునేది కొద్ది నిమిషాలే.

మూడో వారంలో క్యాలెండరు కాగితాలు తెచ్చింది. వాటిని బల్ల మీద పరిచి చూస్తే ఆది, బుధ వారాల గడుల్లో అంకెలు పెద్దవి. మర్నాడు డయాలసిస్. ఆటో మాట్లాడాలి, డబ్బులు చూసుకోవాలి, సూది గుచ్చే చెయ్యి వాచకుండా ఉండాలని మొక్కుకోవాలి. నిద్రలో పళ్లు బిగబడతాయి, పొద్దున దవడ పట్టేస్తుంది. ఆ వరుసను ఆమెకు చూపించాను. కాసేపు చూసి, "ఈ టెన్షనుకి మీ లైటేటి చేత్తాది" అంది. నేను కాదనలేదు. ఆ రెండు రాత్రులకు పడుకునేముందు వేడి కాపడం, పది నిమిషాలు పొట్ట నిండా ఊపిరి తీస్తూ దవడ వదిలేసే సాధన చెప్పాను. ఆటో సంగతి కొడుకు చూసుకునేలా ఇంట్లో మాట్లాడుకున్నారు. అది నా వైద్యం కాదు కానీ, తరువాతి రెండు వారాల్లో ఆది, బుధ గడులే ఎక్కువ మారాయి.

ఐదు వారాల చివర: నొప్పి సగటు 2. నొప్పి లేకుండా తెరిచేది 37, తానే తెరిచే గరిష్ఠం 42. కణత పోటు వారానికి ఒకసారి. మాసెటర్ నొక్కితే పాత నొప్పి రావడం లేదు, కీలు అంచున ఇంకా కొద్దిగా ఉంది. క్లిక్ అక్షరాలా అలాగే ఉంది. క్రియాటినిన్ 1.4, మార్పు లేదు.

కాంతి పనా, కసరత్తు పనా?

2023 డిసెంబరులో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో దీర్ఘకాలపు దవడ కీలు నొప్పికి అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. నిపుణుల పర్యవేక్షణలో దవడ కసరత్తులు, సాగదీత, చేత్తో చేసే కీలు కదలికలు, కండరం ముడుల మర్దన, మెడ-వీపు భంగిమ కసరత్తులు, ఆలోచన తీరు మార్చే మానసిక చికిత్స, జబ్బు గురించి ధైర్యంగా వివరించి చెప్పడం: వీటికి గట్టి సిఫారసు. తక్కువ శక్తి లేజర్‌కు మాత్రం షరతులతో వ్యతిరేకం. ఒంటరిగా వాడినా, వేరే వాటితో కలిపి వాడినా సరే. మా వాళ్లు రోజూ చేసే నైట్ గార్డులు, బొటాక్స్ సూదులు, గబాపెంటిన్, చర్మం మీద చిన్న కరెంటు పెట్టే టెన్స్ యంత్రం, పారాసిటమాల్ కూడా అదే వరుసలో ఉన్నాయి. డిస్క్ తీసేసే ఆపరేషన్‌కు గట్టి వ్యతిరేకం.

లేజర్ యంత్రం కొన్న డాక్టరుకు ఈ మార్గదర్శకం చదవడం అంత సుఖంగా ఉండదు. నా వరకు, చాలామంది రోగుల విషయంలో అది చెప్పింది సరైనదే అనుకుంటాను. ఇదే కాంతికి కాన్సర్ చికిత్సల్లో వచ్చే నోటి పుండ్ల నివారణలో అంతర్జాతీయ సిఫారసు ఉంది, ఎందుకంటే అక్కడ మోతాదు, సమయం, ఎవరికి అన్నవి తేల్చి పరీక్షలు చేశారు. దవడ కీలులో ఆ పని అంత శుభ్రంగా జరగలేదు. కొన్ని పరీక్షల్లో నొప్పి తగ్గింది, కొన్నింటిలో నోరు తెరవడం మెరుగైంది, చాలావాటిలో ఉత్తుత్తి లేజర్ పెట్టినవాళ్లూ గణనీయంగా బాగయ్యారు. వారానికి రెండుసార్లు డాక్టరు పక్కన కూర్చుని, దవడ మీద చెయ్యి వేసి, ఎలా ఉందమ్మా అని అడగడంలో కూడా మందు ఉంది. ఈ కేసులో దాని వాటా ఎంతో విడదీసే దారి నాకు లేదు.

అయినా షరతులతో వ్యతిరేకం అంటే ఎవరికీ వద్దని కాదు, అందరికీ అలవాటుగా పెట్టొద్దని. బిళ్లల దారి ఉన్న రోగికి, కసరత్తు వెంటనే చేయగలిగిన రోగికి నేను లేజర్ పెట్టను. ఈమెకు మిగతా మందుల్లో సగం కిడ్నీకి చెరుపు, మిగతా సగం కూలికి చెరుపు. కాంతి చెరుపు చేయదని మాత్రం గట్టిగా చెప్పగలను, కళ్లు, కాన్సర్ జాగ్రత్తలు తీసుకున్నంత వరకు.

ఒక విషయంలో మాత్రం నా ఊహ కాంతి వైపే మొగ్గుతుంది. మొదటి నాలుగుసార్లలో కసరత్తు లేదు, ఆది, బుధ రాత్రుల మార్పు లేదు, వేడి కాపడం అంతకుముందు నుంచే ఉంది. ఆ రెండు వారాల్లోనే 24, 30 అయింది. రుజువు అనను. ఇంకో ఇలాంటి రోగి వస్తే మళ్లీ ఇదే క్రమంలో, ముందు కొన్నాళ్లు కాంతి లేకుండా, తరువాత కాంతి మాత్రమే, ఆపైన కసరత్తు కలిపి, ప్రతిసారీ కొలత రాస్తూ పోతాను. మూడూ ఒకే రోజు మొదలుపెట్టి చివర్లో బాగుంది అని రాసే రిపోర్టుల వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

తరువాత

మూడు నెలలకు భర్త చేతిలో డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా పనిచేయక ఆస్పత్రిలో చేరాడు. ఆ వారం ఆమె నొప్పి మళ్లీ ఐదుకు వెళ్లింది. ఫోను చేసి, లైటుకి రానా అని అడిగింది. ఆస్పత్రి వరండాలో పడుకుంటున్న మనిషిని శ్రీకాకుళం రమ్మనడం నాకు సబబుగా తోచలేదు. కసరత్తులు ఆరు నుంచి పదిసార్లకు పెంచమని, కాపడం, ఊపిరి సాధన వదలొద్దని, మెత్తని తిండికి దిగమని చెప్పాను. రెండు వారాల్లో మూడుకు దిగింది, కాంతి లేకుండానే. ఈ అంకెను నేను పైన రాసిన ఊహకు ఎదురుగా కూడా వాడుకోవచ్చు, చదివేవాళ్లు వాడుకోండి.

ఆరు నెలలకు వచ్చినప్పుడు నొప్పి రెండు, నోరు 41. నొప్పి బిళ్ల ఒక్కటి కూడా వేయలేదని మందుల సంచి బోర్లించి మరీ చూపించింది. పీకేసిన పన్ను చోట కట్టుడు పన్ను పెట్టించుకోవచ్చా అని అడిగింది, పెట్టించుకోవచ్చు, తొందరేమీ లేదన్నాను. క్లిక్ తీసేయరా అంటే తీయనన్నాను. అంగిలి మచ్చ కొంచెం పలచబడింది, ఎర్ర చుక్కలు ఇంకా ఉన్నాయి. దానికి ఫోటో తీసి పాత ఫోటో పక్కన పెట్టుకున్నాను. మళ్లీ ఆరు నెలలకు చూడాలి, ఆ తేదీని కూతురు కొత్త క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టింది.